దగ్గు మూడు వారాలైనా తగ్గడం లేదు.. టీబీ కావచ్చా?

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. మా ఆయనకు 38 ఏళ్లు. మిరపకాయలు ఏరడానికి తెలంగాణలోని భూపాలపల్లి వైపు వెళ్లొచ్చినప్పటి నుంచి దగ్గు, మూడు వారాలైంది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతోంది. ఆర్‌ఎంపీ ఇచ్చిన మందులతో తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. మిరప ఘాటుకేనని ఆయన కొట్టిపారేస్తున్నారు. అత్తమ్మ భయపడి కంచం, గ్లాసు వేరు పెట్టింది. నాలుగేళ్ల బాబు ఉన్నాడు, టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు

సలహా: మిరప ఘాటుకు దగ్గు వస్తుందమ్మా, రోజూ సాయంత్రం జ్వరం మాత్రం రాదు. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాల్సిందే. తెమడలో రక్తం పడేదాకా, మనిషి చిక్కిపోయేదాకా ఆగొద్దు. ఆర్‌ఎంపీ దగ్గర మరో కోర్సు కూడా వద్దు. కొన్ని యాంటీబయాటిక్స్ టీబీని కొన్నాళ్లు అణచిపెడతాయి, అసలు జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది.

ఊళ్లో ఆశా కార్యకర్తను అడిగితే తెమడ పట్టే డబ్బా ఇస్తారు. పొద్దున లేవగానే నీళ్లతో నోరు పుక్కిలించి, ఆరుబయటకు వెళ్లి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి లోపలి నుంచి దగ్గమనండి. చిక్కటి తెమడ రావాలి. చాలామంది ఉమ్మి నింపి పంపుతారు, రిపోర్టు 'లేదు' అని వస్తుంది. ట్రూనాట్ లేదా సీబీనాట్ పరీక్షలో టీబీ ఉందా, ఉంటే దానికి ముఖ్యమైన రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందా అన్నది గంటల్లోనే తేలిపోతుంది.

కంచం మళ్లీ కలిపేయండి. టీబీ ఎంగిలితో అంటదు, దగ్గినప్పుడు గాలి ద్వారా అంటుతుంది. అత్తమ్మ దృష్టి పెట్టాల్సింది కిటికీల మీద. వాటిని తెరిచి ఉంచండి, ఆయన మూతికి గుడ్డ కట్టుకోవాలి, బాబు ఆయన పక్కన పడుకోకూడదు. టీబీ అని తేలితే ఇంటిల్లిపాదీ పరీక్ష చేయించుకోవాలి. బాబుకు జబ్బు లేకపోయినా, రాకుండా ముందుజాగ్రత్త మందు ఇస్తారు. ఐదేళ్లలోపు పిల్లల్లో టీబీ మెదడుకు పాకే ప్రమాదం ఎక్కువ.

మామూలు టీబీకి ఆరు నెలల చికిత్స. మందులు ఉచితం, పోషకాహారానికి నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. మూత్రం ఎర్రగా వస్తే కంగారొద్దు, అది మందు రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం వెంటనే డాక్టర్‌కు చూపించండి. నెలన్నరకే ఒళ్లు తేలికపడి మళ్లీ పనికి పోతానంటారు, చాలామంది మందులు మానేసేది అప్పుడే. పోక తప్పకపోతే ముందే ఆసుపత్రిలో చెప్పి, నిక్షయ్ నంబరు (టీబీ రోగికి ప్రభుత్వం ఇచ్చే నమోదు నంబరు) రాసుకుని వెళ్లమనండి. దాంతో తెలంగాణలోని ప్రభుత్వ ఆసుపత్రిలోనూ అవే మందులు కొనసాగిస్తారు.