మా వాడు త్రీలు బాగా వేస్తాడు, ఇంటర్ మాన్పించమంటారా?

నరసన్నపేట నుంచి ఒక తండ్రిగారు రాశారు. అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బాస్కెట్‌బాల్‌లో గార్డు, అంటే బంతి నడిపించే ఆటగాడు. ఈమధ్య ఒకే మ్యాచ్‌లో 7 త్రీ పాయింటర్లు (గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేశాడట. అప్పట్నుంచి చదువు మానేసి పెద్ద ఊళ్లో అకాడమీలో చేరతానని పట్టుబట్టాడు. కోచ్ మాత్రం "చెయ్యి మంచిదే, కానీ ఏ షాట్ దొరికితే ఆ షాట్ వేసేస్తాడు" అంటున్నారట. "వీడిలో నిజంగా అంత ఉందా? ఉంటే ఇంటర్ మాన్పించెయ్యమంటారా?" అన్నది తండ్రిగారి ప్రశ్న. తొమ్మిది మ్యాచ్‌ల ఫోన్ వీడియోలు కూడా పంపారు.

అయ్యా, వీడియోలు పంపి మంచి పని చేశారు. రెండు రాత్రులు కూర్చుని ప్రతి షాటూ కాగితం మీద పెట్టాను. తొమ్మిది మ్యాచ్‌ల్లో మీవాడు 61 త్రీలు ప్రయత్నించాడు, 19 పడ్డాయి. అంటే 31 శాతం. మీరు రాసిన ఆ ఒక్క మ్యాచ్‌లో 12కి 7. దాన్ని పక్కన పెడితే మిగతా ఎనిమిదింటిలో 49కి 12. ఊళ్లో అందరికీ గుర్తున్నది ఆ ఏడే. సెలెక్టర్ల ముందు నిలబడేది ఈ పన్నెండు.

అలాగని నిరాశపడకండి, అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆ 61 షాట్లూ ఒక రకం కావు. పాస్ అందుకుని, కాళ్లు నిలిపి, ఎదురుగా ఎవరూ లేనప్పుడు వేసినవి 22. వాటిలో 11 పడ్డాయి. డ్రిబుల్ చేస్తూ చేస్తూ (బంతిని నేలకు కొడుతూ), మీద డిఫెండర్ (అడ్డుకునే ఎదుటి ఆటగాడు) చెయ్యి ఉండగానే లేచి వేసినవి 35. వాటిలో పడ్డవి 8. క్వార్టర్ (ఆటలో నాలుగో వంతు) ముగిసే క్షణంలో దూరం నుంచి విసిరినవి 4, ఒక్కటీ పడలేదు. ఆ నాలుగింటికి ఎవరూ తప్పు పట్టరు.

ఇప్పుడు పాయింట్లలో చూడండి. త్రీలో 33 శాతం వేస్తే, రెండు పాయింట్ల షాట్లలో 50 శాతం వేసినట్టే. మీవాడి ఖాళీ షాటు ఒక్కోటి సగటున ఒకటిన్నర పాయింటు తెస్తోంది. డిఫెండర్ మీదున్నప్పుడు వేసిన షాటు ముప్పావు పాయింటు కూడా తేవడం లేదు. ఒకే చెయ్యి, ఒకే రింగు, విలువలో రెండింతల తేడా. కోచ్‌గారు నాలుగు ముక్కల్లో అన్నది ఇదే.

22 షాట్లు చిన్న లెక్కే, రెండు మూడు అటూ ఇటూ అయితే శాతం మారిపోతుంది. అందుకే ఫౌల్‌కి దొరికే ఫ్రీ త్రోలు కూడా లెక్కపెట్టాను. 34లో 27 పడ్డాయి. ఎవరూ అడ్డులేని ఆ 4.60 మీటర్ల షాటులో చెయ్యి నిజం చెబుతుంది. మీవాడి చెయ్యి బాగుంది. నేర్వాల్సింది చేతి పని కాదు, ఏ షాట్ వెయ్యాలో ఎంపిక చేసుకోవడం. పదహారేళ్ల కుర్రాడికి ఇది మంచి కబురు. చెయ్యి లేనివాడికి చెయ్యి తెప్పించడం చాలా కష్టం, ఎంపిక మాత్రం నేర్పవచ్చు.

గదిలో అమెరికా ఎన్‌బీఏ లీగ్ ఆటగాడు స్టీఫెన్ కర్రీ ఫొటో ఉందని రాశారు. ఉండనివ్వండి. కానీ ఒక లెక్క మీవాడికి చూపించండి. 2015-16 సీజన్లో కర్రీ 886 త్రీలు వేసి 402 పడగొట్టాడు, 45.4 శాతం. అంతటివాడికీ సగానికి పైగా తప్పాయి. పైగా ఆయన బంతి చేతిలో లేనప్పుడు కూడా పరుగు ఆపడు. చాలాసార్లు డిఫెండర్‌ని వదిలించుకుని ఖాళీ చోటుకి చేరాక బంతి అందుకుంటాడు. మీవాడు పాస్ ఇచ్చాక నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోతున్నాడు. ఆరో వీడియోలో అయితే రింగు కింద పొడుగాటి కుర్రాడు చెయ్యెత్తి అడుగుతున్నాడు, మీవాడు ఇద్దరి మధ్య నుంచి త్రీ వేశాడు. అది పడింది, అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం అది ఆ మ్యాచ్‌లో వాడు తీసుకున్న అన్నిటికంటే చెడ్డ నిర్ణయంగా కనిపించింది.

ఇంకో పని మీరే చెయ్యాలి. ఒక టేపు తీసుకుని వాడు ప్రాక్టీసు చేసే కోర్టుకి వెళ్లండి. రింగు మధ్యలోంచి దారానికి రాయి కట్టి కిందికి దింపండి, అది నేలకు తగిలిన చోటు నుంచి త్రీ గీత వెలుపలి అంచు దాకా కొలవండి. 6.75 మీటర్లు రావాలి, మూలల్లో 6.60. 2010కి ముందు అది 6.25 ఉండేది. పాత గీత మీదే మళ్లీ మళ్లీ రంగు వేసిన కోర్టులు నేను మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చూశాను. ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ, కారణం ఉంది. నేను విజయనగరంలో చదువుకునే రోజుల్లో మేం ఆడిన కోర్టు గీత కొలతకి లోపల ఉండేది. యూనివర్సిటీ సెలెక్షన్లకి వెళ్లిన రోజు నా షాట్లు వరసగా రింగు ముందు అంచుకి తగిలి వెనక్కొచ్చాయి. ఆ చప్పుడు నాకింకా గుర్తుంది.

తప్పిన షాటు ఎటు తప్పిందో కూడా చూడాలి. ఎడమకో కుడికో పోతే మోచేయి, చూపు సరిగ్గా లేవని. ముందు అంచుకి తగిలితే కాళ్లలో శక్తి చాల్లేదని. మీవాడివి నాలుగో క్వార్టర్లో ఎక్కువగా ముందు అంచుకే తగులుతున్నాయి. మైదానంలో ఒంటరిగా 100కి 60 వేస్తాడన్నారు, నిలబడి వేసే వంద షాట్లకీ మ్యాచ్‌కీ పోలిక లేదు. కోర్టు ఆ చివర నుంచి ఈ చివరకి పరుగెత్తి వచ్చి, ఆయాసంలో పదేసి షాట్లు వెయ్యమనండి.

వచ్చే ఆర్నెల్లూ ఒక నోటుబుక్కు పెట్టండి. ఇంట్లో ఎవరైనా రాయొచ్చు. షాటు ఎక్కడి నుంచి, పాస్ అందుకునా డ్రిబుల్ చేసా, డిఫెండర్ ఎంత దగ్గర, పడిందా, తప్పితే ఎటు. త్రీ వెయ్యగలిగీ మానుకుని మెరుగ్గా ఉన్నవాడికి పాస్ ఇచ్చిన సందర్భాలకి వేరే పేజీ కేటాయించండి. గార్డుని కొలవడానికి నాకు ఆ పేజీయే ముఖ్యం. నూటయాభై షాట్లు పోగయ్యేదాకా ఏ తీర్మానానికీ రావద్దు.

ఇక ఇంటర్ సంగతి. మాన్పించకండి. ఇది చదువు గొప్పదని చెప్పే మాట కాదు, ఆట కోసమే చెబుతున్నాను. మన దగ్గర గార్డు పైకెళ్లే దారి కాలేజీ గుండానే పోతుంది. స్కూల్ గేమ్స్ అండర్-19 ఆడాలన్నా, రేపు ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీ జట్టులోనో విజయనగరం జేఎన్‌టీయూ జట్టులోనో చేరి ఇంటర్ యూనివర్సిటీ పోటీలకి వెళ్లాలన్నా, రిజిస్టర్‌లో పేరున్న విద్యార్థి అయ్యుండాలి. రైల్వే స్పోర్ట్స్ కోటాకి 18 నుంచి 25 ఏళ్లు. అందులో లెవెల్ 2, 3 ఉద్యోగాలకి ఇంటర్ పాసవ్వాలి, పోటీల్లో జట్టు సాధించిన స్థానం కూడా చూస్తారు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడకి ఒకసారి తీసుకెళ్లండి. వెయిట్‌లిఫ్టింగ్‌తో బతుకులు నిలబెట్టుకున్న కుటుంబాలు అక్కడున్నాయి. ఆట, చదువు, ఉద్యోగం ఒకే ఇంట్లో ఎలా నడిచాయో వాళ్లే చెబుతారు.

ఎత్తు గురించి కూడా దాచను. 5 అడుగుల 8 అంగుళాల గార్డు రాష్ట్ర జట్టులో నిలవాలంటే షాటు ఒక్కటే చాలదు. ఎడమ చేత్తో డ్రిబుల్, ఎదుటి గార్డుని ఆపే కాళ్లు కావాలి. అవి రాకపోయినా ఆట చేజారిపోదు. ఇంటర్ అయ్యాక పీఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి డీపీఎడ్, డిగ్రీ అయ్యాక బీపీఎడ్ (రెండూ వ్యాయామ విద్య కోర్సులే), ఆ తర్వాత పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా, ఈ దారులన్నీ తెరిచే ఉంటాయి. ఫీజు ముందే కట్టమనే అకాడమీకి మాత్రం ఇప్పుడే డబ్బు కట్టకండి. వేసవి సెలవుల్లో క్యాంపు ఉంటే పంపించండి, చాలు.

బాబూ, నాన్నగారు ఇది నీకు చదివి వినిపిస్తారు. వచ్చే మ్యాచ్‌లో డిఫెండర్ మీదికి దూకి వచ్చినప్పుడు షాట్ వేస్తున్నట్టు భుజం లేపు, వాడు గాల్లోకి లేవగానే ఒక్క డ్రిబుల్‌తో లోపలికి వెళ్లు. అక్కడి నుంచి ఎవరు ఖాళీగా కనిపించారో ఆ రాత్రే నోటుబుక్కులో రాసిపెట్టు. కోర్టు గీత ఎన్ని మీటర్లు వచ్చిందో ముందుగా నాకు రాయి.