జో జుట్టు, బెత్ సూది

ప్రశ్న: 'లిటిల్ ఉమెన్' నవలలో జో జుట్టు అమ్ముకోవడం ఆడతనాన్ని వదులుకోవడానికి ప్రతీక అని మా లెక్చరర్ చెప్పారు. నాకేమో మనవాళ్ళు మొక్కుకుని తలనీలాలివ్వడం గుర్తొచ్చింది. ఏది సరి?
– ఒక డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: లెక్చరర్‌గారి మాట తీసిపారేసేది కాదమ్మా. మగపిల్లాణ్ణయితే నాన్నతో యుద్ధానికి వెళ్ళేదాన్నని జో మొదట్లోనే వాపోతుంది. కానీ ఆ ఘట్టం ఇంకోసారి చదువు, ఈసారి డబ్బు లెక్క చూసుకుంటూ.

అమెరికా అంతర్యుద్ధం రోజులు. తండ్రికి జబ్బుగా ఉందని వాషింగ్టన్ ఆసుపత్రి నుంచి టెలిగ్రాం వస్తుంది. తల్లి బయల్దేరాలంటే డబ్బున్న మార్చ్ అత్తను అప్పు అడగాలి. అక్క మెగ్ తన మూణ్ణెల్ల జీతం ఇంటద్దెకిచ్చేసింది, జో ఏమో తన జీతంతో బట్టలు కొనుక్కుంది. జో మనసులో ముల్లు అదీ. మంగలి షాపు కిటికీలో ధరలు రాసిన జడలు వేలాడుతున్నాయి. తన జుట్టంత ఒత్తు లేని నల్లజడకు 40 డాలర్లు. లోపలికెళ్తే, ఈ రంగు ఇప్పుడెవరూ అడగడం లేదంటాడు మంగలి. సైన్యంలో కొడుకున్న అతని భార్య, పాపం తీసుకోమని నచ్చజెబుతుంది. చివరికి చేతికొచ్చింది 25 డాలర్లు.

మొక్కులో ఈ బేరం ఉండదు కదా! అదీగాక, ఆ రాత్రి జో ఏడ్చింది నాన్న కోసం కాదు, జుట్టు కోసమే. అంత నిజంగా రాసినందుకే లూయీసా మే ఆల్కాట్ అంటే నాకు గౌరవం.

నన్నడిగితే ప్రతీక ఆ తర్వాత ఉంది. గుర్తుగా తెచ్చుకున్న గోధుమరంగు పాయను తల్లి మడిచి, తన బల్లలో ఒక పొట్టి నెరిసిన పాయ పక్కన దాస్తుంది. ఆ నెరిసిన పాయ ఎవరిదో రచయిత్రి చెప్పలేదు. తండ్రిదే అనుకుంటాను. జో యుద్ధానికి వెళ్ళింది అప్పుడే, ఆ సొరుగులోకి.

అయితే జుట్టుకన్నా నన్ను పట్టుకున్నది జో చెల్లెలు బెత్ సూది. మంచాన పడ్డాక కూడా ఆ పిల్ల బడికెళ్ళే పిల్లలకు చిన్న చిన్న వస్తువులు కుట్టి ఇస్తుంటుంది. ఒకరోజు, సూది బరువుగా ఉందంటూ పక్కన పెట్టేస్తుంది. నా దగ్గరున్న పాత ప్రతిలో ఆ వాక్యం కింద మా అక్క గీసిన పెన్సిల్ గీత ఉంది. నేను దాన్ని గొప్ప ప్రతీక అని ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. కానీ బెత్ పాత్రకు మూలమైన ఆల్కాట్ చెల్లెలు ఎలిజబెత్ 1858లో చనిపోయింది, నవల మొదటి భాగం రావడానికి పదేళ్ళ ముందు. సూది మరీ బరువుగా ఉందని చెల్లెలు కుట్టుపని పక్కన పెట్టిన సంగతి ఆల్కాట్ అప్పట్లోనే తన డైరీలో రాసుకుంది.