బుద్వార్ ఫోటోగ్రఫీ వల్ల స్త్రీలలో ఆత్మవిశ్వాసం నిజంగా పెరుగుతుందా?

పెరగవచ్చు, అయితే అందుకు కారణం ఫోటో కంటే దానిని తీసే పద్ధతి అని నా అభిప్రాయం. ఫ్రెంచిలో బుద్వార్ అంటే స్త్రీ ఏకాంతంగా గడిపే గది. అలగడమనే అర్థమున్న క్రియ నుంచి పుట్టిన మాట కనుక మన కోపగృహం గుర్తుకు రాక మానదు. ఆ ఏకాంతపు వాతావరణంలో లోదుస్తులలోనో, దుప్పటి చుట్టుకొనో తీయించుకునే చిత్రాలకు ఈ పేరు స్థిరపడింది.

మన రూపం మనకు ఎక్కువగా అద్దంలోనే పరిచయం. అద్దం కుడియెడమలను తారుమారు చేస్తుంది కాబట్టి ఫోటోలోని ముఖం కొంత వంకరగా తోస్తుంది; 1977లో అమెరికాలో ప్రచురితమైన ఒక ప్రయోగంలో స్త్రీలు తమ అద్దపు ప్రతిబింబాన్ని ఇష్టపడగా, వారి స్నేహితులు అసలు ఫోటోను ఇష్టపడ్డారు. పైగా ఫోన్‌ను దగ్గరగా పట్టి తీస్తే ముక్కు పెద్దదిగా కనిపించడం ఆ దగ్గరితనం తెచ్చిన దోషమే గాని ముఖానిది కాదు. నేర్పరి అయిన ఫోటోగ్రాఫర్ కాస్త దూరం నుంచి 85 మిల్లీమీటర్ల లెన్సుతో, కిటికీలోంచి పక్కగా పడే వెలుతురులో తీసినప్పుడు, కాన్పు తరువాతి చారలూ శస్త్రచికిత్స మచ్చలూ కూడా దాచవలసినవిగా అనిపించకపోవచ్చు.

ఏది చూపాలో, ఎవరు చూడాలో, ఎప్పుడు ఆపాలో ఆమే నిర్ణయించగలిగినప్పుడే ఈ మేలు కలుగుతుంది. 1997లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫ్రెడ్రిక్సన్, రాబర్ట్స్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, తనను తాను ఇతరుల కళ్లతో చూసుకోవడం అలవాటైతే సిగ్గు, ఆందోళన పెరుగుతాయి. కేవలం మరొకరి మెప్పు కోసం తీయించుకునే ఫోటోలలోనూ, మితిమీరిన రీటచింగ్‌లోనూ (తీసిన ఫోటోను తరువాత దిద్దడంలోనూ) ఉన్న ప్రమాదం ఇదే. చిత్రాలను అనుమతి లేకుండా ప్రచారానికి వాడరాదన్న షరతును మాత్రం ముందుగానే రాతపూర్వకంగా తీసుకోవాలి.