పిల్లల పంచాయితీ పెట్టబోతున్న మేనకోడలికి

చి.సౌ. అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

బెంగళూరులో మీ మారతహళ్ళి అపార్ట్‌మెంట్లో తొలిసారి తప్పు చేసి దొరికిన పిల్లల సంగతి తోటి పిల్లలే కూర్చుని చూసే ఏర్పాటు చేస్తానన్నావు. విని చాలా సంతోషించాను. జువెనైల్ బోర్డు ముందు ఏళ్ళ తరబడి పిల్లల తరఫున వాదించినవాణ్ణి కనుక నాకు తోచింది రాస్తున్నాను.

అమెరికాలో వీటిని టీన్ కోర్టులంటారు. 1983లో టెక్సాస్‌లోని ఒడెస్సాలో పెట్టినదాన్ని చూసి చాలా ఊళ్ళు మొదలుపెట్టాయి. కొన్నిచోట్ల జడ్జి పెద్దవాళ్ళే, లాయర్లూ, తీర్పు చెప్పే జ్యూరీ మాత్రం పిల్లలు. అలాస్కాలోని యాంకరేజ్‌లో జడ్జీలు కూడా పిల్లలే. చాలాచోట్ల తప్పు ఒప్పుకున్నవాళ్ళనే తీసుకుంటారు. చేశాడా లేదా అన్న విచారణ పిల్లల నెత్తిన పెట్టరు. జరిగినదాన్ని ఎలా సరిచేయాలో మాత్రమే వాళ్ళు చెబుతారు: క్షమాపణ ఉత్తరం, కొన్ని గంటల సేవ, ఆ తర్వాత ఆ పిల్లవాడే వచ్చి ఇంకొకరి కేసులో జ్యూరీలో కూర్చోవడం. ఈ చివరిది మాత్రం వదలకు. 2002లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా పరిశోధన సంస్థ అక్కడి నాలుగు రాష్ట్రాల్లో పరిశీలిస్తే, అలాస్కాలో ఆరు నెలల్లో మళ్ళీ తప్పు చేసినవాళ్ళు టీన్ కోర్టు పిల్లల్లో 6 శాతం, మామూలు దారిలో వెళ్ళినవాళ్ళలో 23 శాతం. మేరీలాండ్‌లో మాత్రం అలాంటి మేలు కనబడలేదు. ఎలా నడుపుతామన్నదాని మీద చాలా ఉందని నా నమ్మకం.

మన దగ్గర 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు పిల్లల నేరాలు చూసేది బోర్డు. ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వాళ్ళలో ఒకరైనా మహిళ. అందుకని నీ ఏర్పాటుకు కోర్టు అన్న పేరు పెట్టకు, నల్ల కోట్లు వేయించకు. పోలీసుల దాకా వెళ్ళినదాన్ని ముట్టుకోకు. లిఫ్టులో గీతలు, పగిలిన బండి అద్దం, క్లబ్‌హౌస్‌లో పోయిన బ్యాట్లు, ఇలాంటివి చాలు. లైంగిక వేధింపు అన్న అనుమానం వస్తే పిల్లల చేత ఒక్క ప్రశ్న కూడా అడిగించకు. పోక్సో చట్టం కింద అది పోలీసులకు చెప్పి తీరాలి. అపార్ట్‌మెంట్ పరువని దాచిపెడితే అదే నేరం.

నాకు అసలు టెన్షన్ ఇంకోటి ఉంది. మీ టవర్లలో ఏం పోయినా ముందు వాచ్‌మన్ కొడుకునో, పనావిడ కూతురినో అడుగుతారు. వాళ్ళింటి జీతం మీ అసోసియేషన్ చేతిలో ఉంది. అలాంటి పిల్లవాడు ‘నేనే చేశాను’ అంటే నిజం చెప్పినట్టా, భయపడినట్టా? బోర్డు ముందు అలా తలలూపిన పిల్లల్ని చూశాను. అందుకని ఇక్కడ ఏం బయటపడినా తల్లిదండ్రుల పనికి ఎసరు రాదని కమిటీ చేత ముందే రాయించుకో. పిల్లవాడితో విడిగా మాట్లాడు. రానన్నా ఏమీ కాదని తెలుగో, కన్నడమో, హిందీయో, వాడికి వచ్చిన భాషలో చెప్పు. జ్యూరీలో సగం మంది పనివాళ్ళ పిల్లలు ఉండాలి. అందరూ ఫ్లాట్ల పిల్లలే అయితే అసలు మొదలుపెట్టకు. అద్దం పగలగొట్టింది ఫ్లాట్ పిల్లవాడైతే వాళ్ళ నాన్న అక్కడికక్కడే డబ్బు కట్టేసి లేచిపోతాడు. డబ్బు ఇవ్వనీ, పని మాత్రం ఆ అబ్బాయే చేయాలి. ఎవరి చేతా బాత్రూములు కడిగించొద్దు.

జ్యూరీ పిల్లల చేత ‘ఎందుకు చేశావు’ అన్న ప్రశ్న మాన్పించు, దానికి సాకులే వస్తాయి. ఏం జరిగింది, ఎవరికి ఇబ్బంది అయింది, ఇప్పుడు ఏం చేయగలవు అని అడగమను. పిల్లలు ఒక్కోసారి పెద్దవాళ్ళకన్నా కఠినంగా శిక్ష వేస్తారు. వేయదగ్గవేమిటో, ఎన్ని గంటలకు మించకూడదో నువ్వే ముందు రాసివ్వు.

బోర్డు ముందుకొచ్చిన పిల్లల పేరు, ఫోటో బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. మీరూ అదే పాటించండి. సీసీటీవీ క్లిప్పు అప్పటికే వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళి ఉంటే, దాన్ని తీయించాకే కూర్చోండి.

రూల్స్ రాసి పంపు, చూసిస్తాను. తల్లిదండ్రుల పనికి ఎసరు రాదన్న హామీ కమిటీ ఇవ్వనంటే నాకు ఫోన్ చెయ్యి, నేనే వచ్చి వాళ్ళతో మాట్లాడతాను.

మీ మామయ్య