మీ వీధి చెట్లు లెక్కపెట్టే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కంటోన్మెంట్‌లో మీ వీధివాళ్లంతా కలిసి చెట్ల లెక్క మొదలుపెడుతున్నారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమమ్మా. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వెళ్లాక మన విజయనగరంలో కూలిన చెట్లను కోసి ట్రాక్టర్లలో తీసుకుపోయారు. మా వీధిలో ఏ చెట్టు ఎక్కడుండేదని ఇప్పుడు అడిగితే తలో మాట చెబుతారు. ఏది నిలిచింది, ఏది పడింది అన్నది రాసి ఉంటే మళ్లీ నాటేటప్పుడు ఎంత పనికొచ్చేదో! అందుకే, మొత్తం ఎన్ని అన్న అంకె కంటే, వచ్చే ఏడాది కొత్తవాళ్లు వచ్చినా అదే చెట్టు దగ్గరికి వెళ్లగలిగేలా రాయడం ముఖ్యం.

ఫోన్‌లో లొకేషన్ తీసుకోండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు. గుబురు కింద, మేడల మధ్య అది కొన్ని మీటర్లు పక్కకి చూపిస్తుంది. వరుసగా నాలుగు కానుగలుంటే ఏది ఏదో తెలియదు. ఎదురింటి డోర్ నంబరు, దగ్గరి కరెంటు స్తంభం నంబరు కూడా రాయండి. ఒక్కో జట్టు రోడ్డుకి ఒక పక్కే చూసుకోవాలి, లేకపోతే ఒకే చెట్టు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

చుట్టుకొలత నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున, అంటే 1.37 మీటర్ల దగ్గర తీయాలి. అటవీశాఖవాళ్లు కొలిచేదీ అక్కడే. ఒక కర్రకి ఆ ఎత్తున గుర్తు పెట్టి వెంట తీసుకెళ్తే అందరి కొలతా ఒకేలా ఉంటుంది. టైలరు టేపు ఒకటిన్నర మీటరే, పాత రావిచెట్టుకి చాలదు. సాగని తాడు చుట్టి, ఆ తాడుని కొలవండి. ఆ ఎత్తుకి కిందే మాను రెండుగా చీలితే కొలతలు విడివిడిగా రాయండి, చెట్టు మాత్రం ఒకటే. మొదలు చుట్టూ సిమెంటు పోసేశారా, తీగల కోసం కొమ్మలు ఒకవైపే నరికేశారా అన్నదీ రాయాలి. గాలివాన వస్తే నాకు మొదటి భయం వాటి గురించే. ఎండిన మోడుని కూడా వదలొద్దు.

పేర్ల దగ్గర తొందరొద్దు. రావి, గంగరావి ఆకులు దూరానికి ఒకేలా ఉంటాయి. రావాకు కొసన పొడుగాటి తోక ఉంటుంది, గంగరావి పసుపు పూలు పూస్తుంది. తెలియకపోతే ‘తెలియదు’ అనే రాసి ఆకు, బెరడు, మొత్తం చెట్టు ఫోటోలు తీయండి. యాప్ చెప్పిన పేరుని ఎవరితోనైనా సరిచూసుకున్నాకే ఎక్కించండి.

టేపు పట్టుకుని తిరుగుతుంటే రోడ్డు వెడల్పు చేస్తారేమోనని కొందరికి టెన్షన్. ముందే విషయం చెప్పండి. గేటు లోపలి చెట్లకి అడిగే వెళ్లండి. పైడితల్లమ్మ పండక్కి ఊరేగించే సిరిమాను చింతమానే కదా, మన ఊళ్లో చింతచెట్టు గురించి అడిగితే పెద్దవాళ్లు కుర్చీ వేసి మరీ చెబుతారు. ఎవరు నాటారో, ఎప్పుడో అదీ రాసుకోండి. నంబర్లు సుద్దతో వేయండి, మేకులు మాత్రం కొట్టొద్దు.

పూర్తయ్యాక ఒక కాపీ వార్డు సచివాలయంలో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ప్రకారం చాలా చెట్లు కొట్టడానికి ముందు అనుమతి కావాలి. ఎవరైనా రాత్రికి రాత్రి కొట్టేస్తే, అక్కడ చెట్టు ఉండేదని చూపడానికి మీ దగ్గర కాగితం ఉంటుంది.

మొదటి వీధి అయ్యాక పేరు తెలియని చెట్ల ఫోటోలు నాకు పంపు. చూసి చెబుతాను.

మీ మామయ్య