‘పందుల డాక్టరా?’ అని నవ్వేవాళ్లను నవ్వనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది చదువుతోంది. నిరుడు ఇంట్లో పన్నెండు కుందేళ్లు పెంచింది. పది రోజుల్లో తొమ్మిది చచ్చిపోయాయి. అప్పటి నుంచి ‘అవి ఎందుకు పోయాయి’ అన్నదే దాని ధ్యాస. మా ఊరి చివర పందుల షెడ్డు పెట్టినవాళ్లకూ అలాగే ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఇప్పుడు ‘ఇలాంటి అంటురోగాలు రాకుండా చూసే చదువు చదువుతా, కుందేళ్లు, పందుల మీదే పనిచేస్తా’ అంటోంది. మేం నీట్ కోచింగ్‌కి డబ్బు కట్టాం. చుట్టాలేమో ‘పందుల డాక్టరా?’ అని నవ్వుతున్నారు. అసలు ఇలాంటి చదువు ఉందా? ఉద్యోగం దొరుకుతుందా?
– ఒక తండ్రి, ఒంగోలు దగ్గర పల్లె

జవాబు: ముందు ఆ తొమ్మిది కుందేళ్ల సంగతి మాట్లాడుకుందాం. ఉద్యోగం మాట తర్వాత.

అవి తల్లిపాలు మానిన పిల్లలా? పొట్ట ఉబ్బిందా? విరేచనాలయ్యాయా? గంపలోనో నేల మీదో ఉంచి, మేత కూడా అక్కడే పోసేవారా? వీటన్నిటికీ ‘అవును’ అనేదే మీ జవాబైతే, పశువుల డాక్టరు మొదట అనుమానించేది కాక్సిడియోసిస్‌ని, అంటే ఒక పరాన్నజీవి తెచ్చే జబ్బుని. కోళ్లలో రక్తపారుడు తెచ్చే జాతికి చుట్టమే ఈ పరాన్నజీవి కూడా. పెంటికల్లో దీని గుడ్డు లాంటి రూపం బయటికి వస్తుంది. అయితే వచ్చీ రాగానే అది అంటుకోదు. తేమ, వెచ్చదనం దొరికి రెండు మూడు రోజులు గడిస్తేనే ఇంకో కుందేలుకు హాని చేసే దశకు చేరుతుంది. అంటే ఆ గడువు లోపల, రోజూ పెంటికలు ఎత్తేసి, పంజరం అడుగు పొడిగా ఉంచితే మందు చుక్క లేకుండానే జబ్బు గొలుసు సగం తెగిపోతుంది. జల్లెడ అడుగున్న పంజరాలు వాడమనేది అందుకే. ఆ తొమ్మిదింటిలో ఒక్కదాని పొట్టయినా కోసి చూసి ఉంటే, కాలేయం మీద తెల్లటి, పసుపు పచ్చటి మచ్చలు కనిపించేవేమో. అప్పుడు అనుమానంతో పనిలేకుండా పోయేది. ఎవరూ కోయలేదు. మీ అమ్మాయికి నిద్ర పట్టనివ్వనిది అదే అనుకుంటాను.

ఆమె చదవాలనుకుంటున్నది ఇదే. పేరు పెట్టమంటే వెటర్నరీ మైక్రోబయాలజీ (సూక్ష్మజీవులు), పారాసైటాలజీ (పరాన్నజీవులు), పాథాలజీ (జబ్బు ఒంట్లో తెచ్చే మార్పులు), ఎపిడెమియాలజీ (జబ్బు పాకే తీరు) అని నాలుగు చెప్పాలి. ‘కుందేళ్లు, పందుల అంటురోగాలు’ అని విడిగా డిగ్రీ మన దగ్గర లేదు. ముందు బి.వి.ఎస్సీ. అండ్ ఏ.హెచ్. అనే పశువైద్య డిగ్రీ చదవాలి. ఒక ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఆ తర్వాత ఎం.వి.ఎస్సీ. అనే పీజీలో ఈ నాలుగు విభాగాల్లో ఒకటి ఎంచుకుని, థీసిస్‌కి పందినో కుందేలునో తీసుకోవాలి.

ఈ రెండు జంతువులనూ కలిపి అడగడం చూసి మొదట వింతగా అనిపించింది. తర్వాత గుర్తొచ్చింది, వీటి కథలు చాలా కాలం నుంచి ముడిపడే ఉన్నాయని. 1882లో ఫ్రాన్స్‌లో పందులకు ఎరిసిపెలాస్ అనే జబ్బు వచ్చి మందలు మందలే పోతుంటే, లూయీ పాశ్చర్ తన శిష్యుడు తూయిలియేతో కలిసి దాని మీద పనిచేశాడు. ఆ సూక్ష్మజీవిని ఒక కుందేలు నుంచి ఇంకో కుందేలుకు ఎక్కిస్తూ పోయేకొద్దీ కుందేలుకు ప్రాణాంతకంగా మారింది గానీ, పందుల దగ్గర మాత్రం దాని కోరలు ఊడిపోయాయి. అదే టీకా అయింది.

ఇదే కిటుకు మన దేశంలో నిన్నమొన్నటి దాకా నడిచింది. పందులకు వచ్చే క్లాసికల్ స్వైన్ ఫీవర్ అనే వైరస్ జబ్బుకి 1964 నుంచి ఇక్కడ వాడుతూ వచ్చిన టీకా కుందేళ్లలో పెంచినదే. కుందేలుకు వైరస్ ఎక్కించి, తర్వాత దాన్ని చంపి ప్లీహం తీసి టీకా చేసేవారు. ఒక కుందేలు ప్లీహం నుంచి వచ్చేది దాదాపు 50 డోసులు. దేశానికి ఏడాదికి కావలసినవి 2.2 కోట్ల డోసులైతే, తయారయ్యేవి 12 లక్షలు. అంత కొరత. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని భారతీయ పశువైద్య పరిశోధనా సంస్థ వాళ్లు మన దేశపు వైరస్‌నే తీసుకుని, కుందేలుతో పనిలేకుండా ప్రయోగశాలలో పెంచిన కణాల్లోనే టీకా తయారు చేశారు. 2020లో దాన్ని విడుదల చేశారు. ఒక్క టీకా ఇటు పందులను కాపాడింది, అటు కుందేళ్ల ప్రాణాలనూ నిలబెట్టింది. మీ అమ్మాయికి ఈ కథ చెప్పండి. నా సలహా కంటే ఎక్కువ పనిచేస్తుంది.

నేను పశువైద్యుణ్ని కాను. కానీ చాలా ఏళ్ల కిందట ఒక వెటర్నరీ కాలేజీకి కెరీర్ గురించి మాట్లాడటానికి వెళ్లినప్పుడు పోస్ట్‌మార్టం షెడ్డులో ఒక పూట నిలబడ్డాను. ఆటో ట్రాలీలో గోనెపట్టా కప్పిన పంది కళేబరం వచ్చింది. యజమాని పక్కనే తలగుడ్డ చేత్తో నలుపుకుంటూ నిలబడ్డాడు. ప్రొఫెసర్ పొట్ట తెరిచి, ప్లీహం రెండు వేళ్లతో ఎత్తి పిల్లలకు చూపించారు. అంచుల్లో నల్లటి ఉబ్బెత్తు మచ్చలు. ‘క్లాసికల్ స్వైన్ ఫీవర్ సార్!’ అని ఒక కుర్రాడు అరిచాడు. ‘కావచ్చు, కానీ నోరు జారకు. ల్యాబు చెప్పాకే మనం చెప్పాలి’ అన్నారాయన. ఆ మాట అప్పటికంటే ఇప్పుడు ఇంకా నిజం. ఎందుకంటే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే వేరే జబ్బు వచ్చింది. జ్వరం, చర్మం ఎర్రబడటం, వరసగా చావులు, పైకి రెండూ ఒకలాగే ఉంటాయి. రెండోదానిలో ప్లీహం బాగా వాచి, నల్లబడి, పట్టుకుంటే చితికిపోయేలా ఉండొచ్చు. అయినా కంటితో తేల్చకూడదు. పేర్లు కలిశాయి గానీ వైరస్‌లు మాత్రం ఒకదానికొకటి ఏమీ కావు. ఒకదానికి టీకా ఉంది. రెండోదానికి మందు లేదు, మన దగ్గర వాడుకలో టీకా కూడా లేదు.

ఈ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌ని మొదట 1921లో కెన్యాలో గుర్తించి రాశారు. 2018 ఆగస్టులో చైనాకు, 2020లో అస్సాం, అరుణాచల్‌లకు చేరింది. మనుషులకు అంటదు. ఆ మాట ఊళ్లో ఎవరైనా భయపడితే గట్టిగా చెప్పొచ్చు. పందుల్లో మాత్రం పాకిందంటే షెడ్డు ఖాళీ. హోటళ్ల నుంచి తెచ్చి పోసే ఎంగిలి మెతుకుల్లో పంది మాంసం ముక్క ఉన్నా చాలు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ప్రయాణం కట్టేస్తుంది. జబ్బు ఖాయమైతే జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకారం కిలోమీటరు పరిధిలోని పందులన్నిటినీ చంపి పాతిపెట్టాలి. పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టాలి. చంపించేది పశువైద్యుడే. గొయ్యి తవ్వించి, సున్నం చల్లించి, ఏడుస్తున్న యజమానికి నష్టపరిహారం కాగితం మీద సంతకం పెట్టించేదీ ఆయనే. ఈ భాగాన్ని దాచి ఎవరికీ సలహా ఇవ్వలేను. జంతువుల మీద ప్రేమ ఒక్కటే పెట్టుబడిగా వచ్చే పిల్లలు చాలామంది ఇక్కడే కుదేలవుతారు.

పందుల మీద చదువంటే నవ్వే చుట్టాలకు ఇంకో రెండు మాటలు చెప్పండి. మన జిల్లాల్లో పిల్లలను బలితీసుకున్న మెదడువాపు వైరస్ కొంగల్లో తలదాచుకుంటుంది, పందుల రక్తంలో పెరుగుతుంది, వరిచేల నీళ్లలో పుట్టే దోమ ద్వారా మనకు వస్తుంది. మెదడులో తిత్తి చేరి ఫిట్స్ తెచ్చే బద్దెపురుగు కూడా పంది, మనిషి మధ్య తిరిగేదే. ఆ పురుగు గుడ్లు మనిషి మలం నుంచి కూరగాయల మీదికి చేరతాయి. అందుకని జన్మలో మాంసం ముట్టనివాళ్లకూ అది వస్తుంది. నవ్వే చుట్టాల్లో శాకాహారులుంటే ఈ మాట వాళ్లకే ముందు చెప్పండి.

ఇక సీటు సంగతి. కోచింగ్ డబ్బు వృథా కాదు. దేశంలోని వెటర్నరీ కాలేజీల్లో 15 శాతం సీట్లు నీట్ ర్యాంకుతోనే భర్తీ అవుతాయి. మిగతావాటికి మన రాష్ట్రంలో ఆ ఏడాది ఏ ర్యాంకు అడుగుతారో తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ చూసి తెలుసుకోండి. ఈఏపీసెట్ కూడా రాయించండి, ఏ తలుపూ మూసుకోవద్దు. ఆ విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో కాలేజీలున్నాయి. రైతు కోటా కూడా ఉంటుంది. పొలం పాస్‌బుక్కు, పల్లె బడిలో చదివిన సర్టిఫికెట్లు ఇప్పుడే సర్దిపెట్టుకోండి, కౌన్సెలింగ్ రోజు తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది. తిరుపతి కాలేజీ దొరికితే మీ అమ్మాయికి ఇంకో లాభం ఉంది. అఖిల భారత పందుల పరిశోధనా పథకం కేంద్రం అక్కడే ఉంది.

ఎం.బి.బి.ఎస్. సీటు కూడా వచ్చి, అమ్మాయి వెటర్నరీ అంటే? బలవంతం చేయకండి. వెటర్నరీ సీటు చేతిలో ఉన్న ఒక అబ్బాయిని కొన్నేళ్ల కిందట నేనే బి.డి.ఎస్.కి పంపించాను. ‘డాక్టర్ అనిపించుకుంటావు’ అని. ఇప్పుడు ఫోన్ చేస్తే పళ్ల గురించి మాట్లాడడు, తన కుక్కల గురించి మాట్లాడతాడు. ఆ తప్పు మళ్లీ చేయదలచుకోలేదు.

ఉద్యోగాల మాట. డిగ్రీతోనే పశుసంవర్ధక శాఖలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ కావచ్చు, గెజిటెడ్ ఉద్యోగం. కానీ అక్కడ రోజంతా గేదెలు, గొర్రెలతోనే సరిపోతుంది. జబ్బులను వేటాడే పని కావాలంటే ఎం.వి.ఎస్సీ., పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. తర్వాత వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి (ఏఎస్ఆర్‌బీ) పెట్టే ఏఆర్ఎస్ పరీక్ష రాసి శాస్త్రవేత్తగా చేరితే మొదటి మూలవేతనమే 57,700 రూపాయలు. భోపాల్‌లోని అత్యున్నత భద్రత ప్రయోగశాల, గువాహటి దగ్గర రాణిలోని జాతీయ పందుల పరిశోధనా కేంద్రం, బెంగళూరులో పశువుల జబ్బులు పాకే తీరును చదివే సంస్థ నివేది, ఇవన్నీ ఆ దారిలోనివే. లెక్కలంటే ఇష్టమైతే నివేది వైపు చూడమనండి. ఏ జిల్లాలో ఏ జబ్బు రావచ్చో రెండు నెలల ముందే అంచనా వేసి హెచ్చరించే పని అక్కడ జరుగుతుంది. ప్రైవేటులో అయితే హైదరాబాద్ చుట్టూ టీకాల కంపెనీలున్నాయి, వెటర్నరీ మైక్రోబయాలజీ చదివినవాళ్లకు వాటిలో చోటు ఉంటుంది.

వెటర్నరీ సీటు రాకపోతే బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీ చేసి, నెట్ రాసి ఇదే వైరస్‌ల మీద పరిశోధన చేయొచ్చు. యూజీసీ, సీఎస్ఐఆర్ ఇచ్చే జేఆర్ఎఫ్ అనే పరిశోధన భృతి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. అయితే వైద్యం చేసే, మందు రాసే అధికారం మాత్రం ఉండదు.

కుందేళ్ల గురించి చేదు నిజం ఒకటి. కుందేళ్ల రోగాలు మాత్రమే చూసి బతికే ఉద్యోగం మన దగ్గర దాదాపు లేదు. ఉన్నిచ్చే కుందేళ్ల మీద కులు దగ్గర గడ్సాలో, మాంసం కుందేళ్ల మీద కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులో ప్రభుత్వ పరిశోధన ఉంది గానీ, ఆ పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కుందేలు నిజంగా ఉన్నది ప్రయోగశాలల్లో. టీకాలు, మందులు పరీక్షించే సంస్థలకు జబ్బు లేని కుందేళ్లు కావాలి, వాటిని కాపాడే పశువైద్యుడు కావాలి. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పెట్టిన ప్రయోగ జంతువుల కేంద్రం అలాంటిదే. ‘మీరు పెంచండి, మేం కొంటాం’ అని కుందేళ్లు అంటగట్టి మాయమయ్యేవాళ్లు కూడా తిరుగుతుంటారు, వాళ్ల జోలికి మాత్రం పోకండి.

మిగిలిన మూడు కుందేళ్లు ఇంకా ఉన్నాయా? ఉంటే, ఈ ఆదివారం తెల్లారే వాటి తాజా పెంటికలు మూతున్న చిన్న డబ్బాలో వేసి పెట్టమనండి. సోమవారం ఆమెనే జిల్లా కేంద్రంలోని పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు తీసుకెళ్లండి. డబ్బా ఇచ్చేసి వచ్చేయకుండా, ‘సార్, మైక్రోస్కోపులో నన్నూ ఒకసారి చూడనిస్తారా?’ అని ఆమెనే అడగమనండి. మీరు బయట బెంచీ మీద కూర్చోండి.