జంట నక్షత్రాల దగ్గర గ్రహాలు పుడతాయా అంటే, పోలి పాడ్యమి నాడు కృష్ణలో చూసింది చెప్తా

ప్రశ్న ఇది: "రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే చోట, వాటి చుట్టూ ఉన్న దుమ్ములో గ్రహాలు పుట్టడం నిజంగా అయ్యే పనేనా? అక్కడ వెతికే బదులు సూర్యుడి లాంటి ఒంటరి నక్షత్రాల దగ్గర వెతికితే నయం కదా?"

నయం కాదండీ. ఈ విషయంలో నేను కొంచెం గట్టిగానే మాట్లాడతా, ఏమనుకోవద్దు. సూర్యుడి లాంటి నక్షత్రాల్లో దాదాపు సగానికి తోడు ఉంటుంది, పుట్టిన కొత్తలో ఐతే జంటలు ఇంకా ఎక్కువ. ఒంటరిగా ఉండటమే మామూలు, జంట అంటే ఏదో వింత అని స్కూల్లో మన బుర్రలోకి ఎక్కించింది తప్పు. ఇంటర్లో మా ఫిజిక్స్ లెక్చరర్ని "సార్, రెండు సూర్యుళ్ళుంటే గ్రహం ఎవరి చుట్టూ తిరిగిద్ది" అని అడిగితే సిలబస్‌లో లేదు కూర్చో అన్నాడు, ముప్ఫై ఏళ్ళయినా ఆ మాట నాకు మంటే. పిల్లాడు అడిగిన మంచి ప్రశ్నని అలా నలిపేయడం కన్నా పాపం ఇంకోటి లేదని నా అభిప్రాయం.

నేను సైంటిస్టుని కాదు, గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో నైట్ షిఫ్ట్ సూపర్‌వైజర్ని. గంటకోసారి ఛాంబర్ల టెంపరేచర్ రిజిస్టర్లో రాయాలి, కంప్రెసర్ శబ్దం మారితే పరిగెత్తాలి, మిగతా టైమ్ ఖాళీ. ఆ ఖాళీలో ఆరేళ్ళుగా ఇవే చదువుతున్నా, డిస్క్ డిటెక్టివ్ అని నాసా వాళ్ళు మామూలు జనం కోసం 2014లో మొదలుపెట్టిన దాంట్లో ఇన్‌ఫ్రారెడ్ ఫోటోలు చూసి ఇక్కడ దుమ్ము ఉండొచ్చు, ఇక్కడ లేదు అని నొక్కుతూ కూర్చున్న రాత్రులు లెక్కలేనన్ని.

సరే, అసలు సంగతికొస్తా. నాకు ఈ విషయం కాగితం మీద కాదు, కళ్ళతో అర్థమైంది భవానీపురంలో, పున్నమి ఘాట్ దగ్గర. కార్తీకం అయిపోయిన మర్నాడు పోలి పాడ్యమి కదా, అమ్మని తీసుకుని ముందు రోజు రాత్రే పిన్ని వాళ్ళింటికి వెళ్ళా. తెల్లారుజామున నాలుగింటికి లేచి చన్నీళ్ళు పోసుకుని, అరటి దొప్పలు, వత్తులు, పసుపు కుంకుమ, బంతిపూలు అన్నీ పళ్ళెంలో సర్దుకుని నడుచుకుంటూ ఘాట్‌కి. అమావాస్య దాటిన రోజు, చంద్రుడు లేడు, నిజానికి ఆకాశం నల్లగా ఉండాలి, కానీ ఘాట్ మొత్తం ఫ్లడ్ లైట్లు, మధ్యాహ్నంలా ఉంది. ఆడవాళ్ళు జారిపడకుండా లైట్లు ఉండాలి, ఒప్పుకుంటా, కానీ కింద మెట్లకి వేయాల్సిన లైటు ఆకాశంలోకి ఎందుకు కొడతారండీ? దీపాలు వదిలే పండగకి దీపాలే కనపడకుండా చేస్తున్నారు. ఐనా సరే, నది పైనుంచి వచ్చే పడమటి దిక్కున రోహిణి ఎర్రగా కనపడుతూనే ఉంది, కృత్తికలు మాత్రం ఇంకా కిందకి దిగిపోయి ఆ వెలుగులో కలిసిపోయాయి.

అమ్మ ఒక దొప్ప, పిన్ని ఒక దొప్ప ఒకేసారి వదిలారు. మెట్ల చివర ఒక సిమెంటు దిమ్మె ఉంది, దాని పక్కన నీళ్ళు చిన్నగా సుడి తిరుగుతున్నాయి, అందరి దొప్పలూ ముందుకి పోతుంటే వీళ్ళిద్దరివీ మాత్రం పోయి ఆ సుడిలో పడ్డాయి. పడి ఒకదాని చుట్టూ ఒకటి తిరగడం మొదలుపెట్టాయి. పిన్నికి కంగారు, "ఆగిపోయాయేందిరా, చేత్తో నెట్టు, పోలి స్వర్గానికి పోవద్దూ" అంటుంది. నేను "ఒక్క నిమిషం ఉండు పిన్నీ" అని అక్కడే మోకాళ్ళ లోతులో నిలబడిపోయా, ఎందుకంటే ఆ రెండు దీపాల చుట్టూ అందరూ వదిలిన బంతి రేకులు, చామంతులు, పసుపు నురగ, పుల్లలు అన్నీ చేరి ఒక రింగులా ఏర్పడ్డాయి. దీపాల దగ్గర మాత్రం నీళ్ళు ఖాళీ, శుభ్రంగా ఉన్నాయి. ఏ రేకు లోపలికి రాబోయినా తిరిగే దొప్ప అంచు తగిలి బయటికి పోతుంది. కాసేపటికోసారి మటుకు రింగులోంచి ఓ నాలుగైదు రేకులు దారంలా విడిపోయి వంపు తిరిగి లోపలికొచ్చి ఏదో ఒక దొప్పకి అతుక్కుంటున్నాయి.

నాకు ఒళ్ళు జలదరించింది. జీజీ టౌరీ అనే జంట గురించి చదివింది అచ్చం ఇదే!

అది సుమారు 450 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అందులో రెండు నక్షత్రాల మధ్య దూరం, భూమికి సూర్యుడికి ఉన్న దూరానికి 35 రెట్లు ఉంటుంది. తర్వాత ఆ రెండిట్లో ఒకటి మళ్ళీ రెండని తేలింది, అంటే మొత్తం మూడు. వాటి చుట్టూ దుమ్మూ గ్యాసూ కలిసిన పెద్ద రింగు, లోపలి అంచే 180 రెట్ల దూరంలో మొదలయిద్ది, మధ్యలో అంతా దాదాపు ఖాళీ. ఐతే వాటిలో ఒక నక్షత్రం చుట్టూ ఇంకో చిన్న డిస్క్ ఉంది, డిస్క్ అంటే పళ్ళెంలా చదునుగా తిరిగే దుమ్మూ గ్యాసూ, అది ఆ నక్షత్రంలోకి రాలిపోతూ ఉంటుంది కాబట్టి ఎప్పుడో ఖాళీ అయిపోవాలి, అయినా ఉంది. 2014లో ఆల్మా టెలిస్కోప్‌తో చూస్తే బయటి రింగులోంచి గ్యాస్ దారంలా లోపలికి పడుతూ ఆ చిన్న డిస్క్‌కి మేత వేస్తుందని తెలిసింది. అందుకే అక్కడ గ్రహం పుట్టడానికి కావలసినంత టైమ్ దొరకొచ్చు. నీళ్ళలో రేకుల్ని తోసింది దొప్ప అంచు, అక్కడ తోసేది గురుత్వాకర్షణ, కారణం వేరు, నాకు తెలుసు, కానీ ఆ ఆకారం చూశాక నాకు ఇక ఏ బొమ్మా అక్కర్లేకపోయింది. పైగా ఆ జీజీ టౌరీ ఉండేది ఎక్కడో కాదు, ఆ పూట పడమట నాకు కనపడుతున్న రోహిణి పక్కనే.

పిన్ని చివరికి తనే వంగి దొప్పల్ని నెట్టేసింది, పోయాయి.

ఇంటికొస్తూ అమ్మకి ఇదంతా చెప్పా. రోహిణి అనగానే "కృష్ణుడు పుట్టిన నక్షత్రం" అంది. తర్వాత కాసేపాగి అడిగింది, "మరి ఆ ఇద్దరూ అట్టా లాక్కుంటా ఉంటే మధ్యలో పిల్లలు నలిగిపోరూ?" అని. పెద్దపెద్ద వాళ్ళు పేపర్లు రాసింది కూడా ఈ ప్రశ్న మీదే. నలిగిపోతాయి, దగ్గరికొస్తే. బతకడానికి గ్రహానికి రెండే దారులు. ఒకటి, ఇద్దరిలో ఒకరినే అంటిపెట్టుకుని బాగా దగ్గరగా తిరగడం. రెండోది, ఇద్దరికీ దూరంగా, వాళ్ళ మధ్య దూరానికి సుమారు మూడు రెట్లు అవతల నుంచి ఇద్దరినీ కలిపి చుట్టడం. 2011లో కెప్లర్ టెలిస్కోప్‌తో దొరికిన కెప్లర్-16బి అనే గ్రహాన్ని చూడండి, దాని రెండు సూర్యుళ్ళు 41 రోజులకోసారి ఒకదాన్నొకటి చుట్టేస్తాయి, గ్రహం మూడు రెట్లకి కాస్త అవతల ఉండి 229 రోజులకి ఒక చుట్టు తిరుగుతుంది, శనిగ్రహం అంత బరువుంటుంది. ఇలాంటివి ఆ ప్రమాదపు గీత దగ్గర్లోనే చాలా దొరికాయి. అక్కడ పుట్టి ఉండవు, దూరంగా ప్రశాంతంగా ఉన్న దుమ్ములో పుట్టి మెల్లగా లోపలికి జరుగుతూ వచ్చి, ఖాళీ మొదలయ్యే అంచు దగ్గర ఆగిపోయి ఉంటాయి. ఇదే కరెక్ట్ అని నా నమ్మకం, ఎక్కువమంది చెప్పేదీ అదే.

కాబట్టి "సాధ్యమేనా" అన్న దగ్గరే ఆగక్కర్లేదు, పుట్టాయి, పెరిగాయి, కళ్ళముందున్నాయి. మిగిలిందల్లా పుడుతుండగా పట్టుకోవడం. అది మాత్రం కష్టం, చాలా కష్టం.

ఎందుకంటే దుమ్ము రేణువులు మొదట పొగంత సన్నగా ఉంటాయి, ఒకదానికొకటి అంటుకుంటూ గులకరాళ్ళయి, అవి చేరి కొండలంత అవ్వాలి. నెమ్మదిగా తగిలితే అంటుకుంటాయి, స్పీడుగా తగిలితే పగిలిపోతాయి. పక్కన ఇంకో నక్షత్రం కెలుకుతా ఉంటే స్పీడు పెరుగుద్ది. దానికి తోడు దగ్గర దగ్గరగా ఉన్న జంటల్లో చాలా వాటికి డిస్క్ 10 లక్షల ఏళ్ళలోపే కరిగిపోద్ది, ఒంటరి వాటికైతే చాలాసార్లు 30 లక్షల ఏళ్ళు, ఇంకా పైన కూడా ఉంటుంది. ఇంకో తలనొప్పి ఉంది. ఒంటరి నక్షత్రం డిస్క్‌లో నల్లటి గీత కనపడితే అక్కడ గ్రహం ఊడ్చిందేమో అనుకోవచ్చు, 2014లోనే వచ్చిన హెచ్ఎల్ టౌరీ అనే నక్షత్రం ఫోటోలో రింగులు చూసి ప్రపంచం అంతా అదే అనుకుంది. జంట దగ్గర ఆ ఖాళీ గ్రహం చేసిందా, రెండో నక్షత్రం చేసిందా? పైగా డిస్క్ వంకరపోద్ది కూడా, జీడబ్ల్యూ ఓరియోనిస్ అని మూడు నక్షత్రాలున్న చోట రింగులు ఒక్కోటి ఒక్కో వైపు వాలి ఉన్నాయని 2020లో చూపించారు. అందుకే ఇప్పుడు దుమ్ముతో పాటు గ్యాస్ కదలిక కూడా చూస్తున్నారు, కార్బన్ మోనాక్సైడ్ గ్యాస్ తిరిగే వేగంలో ఒక్కచోట చిన్న వంకర వస్తే అక్కడ ఏదో బరువైంది దాక్కుందని అర్థం. నాకైతే జంటల దగ్గర గ్రహాన్ని పట్టించేది ఇదే అనిపిస్తుంది, రింగులు కాదు.

ఇంతకీ ఆల్మా అంటే చిలీలో అటకామా ఎడారిలో సుమారు 5000 మీటర్ల ఎత్తున పెట్టిన 66 యాంటెన్నాలు, అన్నీ కలిపి ఒక్క కన్నులా పనిచేస్తాయి, విడదీసి పెడితే 16 కిలోమీటర్ల దాకా పరుచుకుంటాయి. అంత ఎత్తుకి ఎందుకంటే తేమ. చలికి మైనస్ 250 డిగ్రీల దగ్గర ఉన్న దుమ్ము కూడా మిల్లీమీటరు తరంగాల్లో వెలుగుద్ది, కానీ గాలిలో నీటి ఆవిరి ఉంటే వాటిని మింగేస్తుంది. కృష్ణ ఒడ్డున అసలు కుదరదు, చొక్కా వేసుకున్న పది నిమిషాలకి తడిసిపోయే ఊరు మనది.

ఇక్కడ ఒకటి చెప్పకుండా ఉండలేను. మన పెళ్ళిళ్ళలో అరుంధతిని చూపించే ఆచారం ఉంది, జంట నక్షత్రాన్ని పెళ్ళి రోజున చూపించడం కన్నా అందమైన పని ఏముంది? కానీ పగలు పదకొండింటి ముహూర్తానికి కల్యాణ మండపం బయటికి తీసుకొచ్చి ఎండలోకి చెయ్యి చూపిస్తున్నారు. రాత్రి దాకా ఆగి, నిజంగా సప్తర్షి మండలంలో వశిష్ఠుడిని, పక్కన చిన్నగా ఉన్న అరుంధతిని చూపించండి. వశిష్ఠుడొక్కడే టెలిస్కోప్‌లో రెండుగా కనపడతాడు, ఆ రెండూ మళ్ళీ ఒక్కోటి జంట, అరుంధతికీ 2009లో ఒక చిన్న తోడు దొరికింది, కలిపితే ఆరు. అక్కడ దుమ్ము ఎప్పుడో పోయింది, వాటి వయసు కోట్ల సంవత్సరాలు, పుట్టే గ్రహాల కోసం అక్కడ వెతికి లాభం లేదు, అది వేరే సంగతి. కానీ ఈ ముక్క తెలిస్తే పిల్లలు జంట నక్షత్రం అంటే వింతగా చూడరు. టీవీల్లోనూ అంతే, ఏ గ్రహం దొరికినా "రెండో భూమి" అని అరవడమే, అది శనిగ్రహం అంత ఉన్నా సరే.

మామూలు మనుషులం మనం ఏం చేయగలం అనుకోకండి. 2012లో ప్లానెట్ హంటర్స్ అని మామూలు జనం గ్రహాలు వెతికే ఆన్‌లైన్ ప్రాజెక్టులో ఇద్దరు వాలంటీర్లు నక్షత్రం వెలుగు గ్రాఫుల్లో, గ్రహం అడ్డొచ్చినప్పటి చిన్న తగ్గుదల చూసి పట్టుకున్న గ్రహం రెండు సూర్యుళ్ళ చుట్టూ తిరిగేది, ఆ రెండిటికీ దూరంగా ఇంకో జంట, అంటే నాలుగు సూర్యుళ్ళున్న ఇల్లు. 2019లో నాసాలో ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళిన 17 ఏళ్ళ కుర్రాడు మూడో రోజే టీఓఐ-1338 అనే జంట దగ్గర గ్రహాన్ని గుర్తుపట్టాడు. డిస్క్‌లో పుడుతున్న గ్రహం ఫోటో అంటే 2018లో వచ్చిన పీడీఎస్ 70 గుర్తొస్తుంది, తర్వాతి ఏడాది అక్కడే రెండోది కూడా కనపడింది, కానీ అది ఒంటరి నక్షత్రం. జంట దగ్గర అంత స్పష్టమైన ఫోటో కోసమే నేను కాచుకుని కూర్చున్నా. పదేళ్ళు పట్టదు, రాసి పెట్టుకోండి. అదీ రోహిణి పక్క నుంచే వచ్చిద్దని నా మనసు చెప్తుంది. అమ్మ ఐతే నేను షిఫ్ట్ దిగి ఇంటికొస్తే అప్పుడప్పుడు అడుగుద్ది, "దాని పక్కన పిల్లలు కనపడ్డారా" అని.

చూడాలనుకునే వాళ్ళకి దారి చెప్తా. కార్తీకంలో రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కి తూర్పుకి చూడండి, గుత్తిలా కృత్తికలు, వాటి కింద ఎర్రగా రోహిణి. చెయ్యి బారుగా చాపి చిటికెన వేలు రోహిణి పక్కన పెడితే, ఆ వేలు వెడల్పు దాటీ దాటగానే జీజీ టౌరీ, ఇంకాస్త పైకి ఉత్తరంగా హెచ్ఎల్ టౌరీ. కంటికి కనపడవు, మామూలు బైనాక్యులర్‌కీ అందవు, రోహిణి మనకి 65 కాంతి సంవత్సరాల్లోనే ఉంది, అవి దాని వెనక ఎంతో దూరంలో ఉన్నాయి. కానీ చోటు అదే. గుంటూరులో వాళ్ళైతే ఊరి మధ్యలో ఉండొద్దు, అమరావతి రోడ్డు మీద లైట్లు తగ్గేదాకా వెళ్ళండి. డౌట్లుంటే కింద అడగండి, రాత్రి రెండు దాటాక రిజిస్టర్ రాసేసి రిప్లై ఇస్తా.